నాకు వినపడని మిస్సింగ్

బండి మిస్సింగ్ కొడుతోందని నాకు మొదట చెప్పినవాడు ఒక పాల ఆటో డ్రైవరు. ఆ రోజు సోమవారం. ఆళ్లగడ్డలో ఆరడుగుల ఆంజనేయస్వామి రాతి విగ్రహాన్ని లారీలో ఎక్కించుకుని నంద్యాలలో మా ఇంటికి వస్తున్నాను. ఆ పూటకు ఇంట్లో ఆగి, మర్నాడు పొద్దున్నే బయలుదేరి నందికొట్కూరు దగ్గరి ఒక ఊళ్లో దాన్ని దించాలి. శుక్రవారం ప్రతిష్ఠ.

శిరివెళ్ల దాటాక బండి లాగడం తగ్గింది. ఎంత తొక్కినా ముందుకు పోదు. రాతి బరువు వల్లేమో అనుకుని గేరు తగ్గించాను. కాసేపటికి ఆ ఆటో నన్ను దాటుకొచ్చి దాదాపు అడ్డంగా ఆగింది. అతను దిగి, నా బండి వెనక్కి చెయ్యి చూపించాడు. అద్దంలో చూశాను. రోడ్డంతా తెల్లటి పొగ.

"ఎంతసేపటి నుంచి హారన్ కొడతాండా అన్నా. నీ బండి మిస్సింగ్ కొడతాంది. ఇనపల్యా?"

వినపడిందనీ, ఇంటికి పోయి చూసుకుంటాననీ చెప్పాను. అది అబద్ధం. నాకు హారనూ వినపడలేదు, మిస్సింగూ వినపడలేదు.

నా బండిది ఆరు సిలిండర్ల పాత డీజిల్ ఇంజిన్. ఆరింటిలో ఒకటి పని ఎగ్గొడితే మిగతా ఐదూ దాని బరువు కూడా మోస్తూ కుంటుతాయి. ఆ కుంటుడునే మేము మిస్సింగ్ అంటాం. దారినపోయే పిల్లవాడికి కూడా వినపడుతుంది అది. లారీ కొనకముందు నేను పన్నెండేళ్లు నంద్యాలలోనే ఒక షెడ్డులో మెకానిక్‌గా చేశాను. అవుకు నుంచి, నందికొట్కూరు నుంచి బండ్లు తెచ్చి నా ముందు ఆపి, ఒకసారి వినమనేవాళ్లు. నేను మూత ఎత్తకుండానే, కళ్లు మూసుకుని విని, ఇది నాజిల్ తప్పనో, వాల్వ్ తప్పనో, పంపు తప్పనో చెప్పేవాణ్ణి. విప్పి చూస్తే చాలావరకు అదే ఉండేది. నాకు చదువు లేదు, పొలం లేదు. నలుగురిలో నాకు విలువ ఇచ్చినవి ఆ రెండు చెవులే.

అవి ఎప్పుడు పోవడం మొదలుపెట్టాయో సరిగ్గా చెప్పలేను. మూడేళ్ల కిందట అనుకుంటా, ఒకరోజు బండి మలుపు తిప్పాక ఇండికేటరు చాలాసేపు వెలుగుతూనే ఉండిపోయింది. దాని టిక్కుటిక్కు నాకు వినపడలేదు. తర్వాత ఫోన్లో మాటలు నానిన కాగితం మీది అక్షరాల్లా కలిసిపోవడం మొదలైంది. ఫోన్లు ఎత్తడం మానేశాను. రోడ్డు మీద ఉన్నాను, మెసేజ్ పెట్టమని అందరికీ అలవాటు చేశాను. ఎదురుగా మాట్లాడేవాళ్ల పెదవులు చూసి జవాబు చెప్పడం నేర్చుకున్నాను. అర్థంకాకపోతే నవ్వేవాణ్ణి. లారీ నడిపేవాడికి చెవులు పోయాయంటే ఎవరూ లోడు ఎక్కించరు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. ఆ షెడ్డువాళ్లకు తెలుస్తుందని.

ఆ సాయంత్రం బండిని ఇంటి ముందున్న ఖాళీ స్థలంలో పెట్టాను. నా భార్య ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గర ఉంది. ఆమె ఊళ్లో ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. బండి వంక ఒకసారి, నా మొహం వంక ఒకసారి చూసింది. ఏమన్నా అయిందా అని అడిగింది. డీజిల్లోకి గాలి చేరినట్టుంది, పొద్దున్నే సరిచేసుకుని పోతానని చెప్పాను. ఆమె మళ్లీ మిషన్ మీదికి వంగింది.

మంగళవారం తెల్లవారగానే పని మొదలుపెట్టాను. ఫిల్టర్లు మార్చాను. చేతిపంపు కొట్టి, పైపుల్లోంచి నురగ పోయి మంచి డీజిల్ వచ్చేదాకా గాలంతా తీశాను. స్టార్ట్ చేసి వెనక్కి పోయి చూశాను. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ పొగ లేదు. వేడెక్కాక మళ్లీ అదే పొగ. ఇంజిన్ పైనుండే టాపెట్ కవర్లు విప్పి వాల్వుల సందులు కొలిచి సరిచేశాను. మళ్లీ అదే పొగ. అప్పటికి మధ్యాహ్నం దాటింది.

విగ్రహం చేరాల్సిన ఊరి పెద్దాయన ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నేను ఎత్తలేదు. చివరికి నా భార్య ఎత్తి మాట్లాడింది. బండి చిన్న రిపేరుకు వచ్చిందనీ, రేపటికి వస్తుందనీ చెప్పిందట. వేరే బండిలోకి మారుస్తామంటే ఆయన ఒప్పుకోలేదట. ఆళ్లగడ్డలో కొబ్బరికాయ కొట్టి ఎక్కించిన విగ్రహం మళ్లీ నేల తాకేది మా గుడి దగ్గరేననీ, దోవలో యాడా దించే పని లేదనీ కచ్చితంగా చెప్పాడట. ఇదంతా ఆమె నాకు ఎదురుగా నిలబడి, నా కళ్లలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. ఆమె అలా ఎందుకు చెబుతోందో ఆ రోజు నాకు తట్టలేదు.

షెడ్డుకు తీసుకుపోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు కూడా లేదు. కానీ అక్కడ ఇప్పుడు పని చేస్తున్నవాళ్లు నా దగ్గర నేర్చుకున్నవాళ్లు. బండి స్టార్ట్ చేసి, ‘నువ్వే విని చెప్పన్నా’ అని నా మొహం వంక చూస్తారు. నేను ఏం చెప్పాలి? 

ఏ సిలిండర్ చచ్చిందో తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగా, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు పోయే పైపుల నట్లను ఒక్కొక్కటిగా వదులు చెయ్యాలి. నట్టు వదలగానే ఆ సిలిండర్‌కు డీజిల్ అందదు. మంచి సిలిండర్ అయితే ఇంజిన్ చప్పుడు ఒక్కసారిగా తగ్గుతుంది. చచ్చిన సిలిండర్ అయితే చప్పుడులో ఏ మార్పూ ఉండదు, ఎందుకంటే అది ముందే పని చెయ్యడం లేదు. ఇంతకంటే తేలికైన పని లేదు. నేను కొన్ని వందల బండ్లకు చేసి ఉంటాను.

క్యాబిన్‌లో డ్రైవరు సీటు పక్కనున్న ఇంజిన్ మూత ఎత్తి, పానా పట్టుకుని మొదటి నట్టు వదిలాను. డీజిల్ చిమ్మింది. చప్పుడు మారిందా? తెలియలేదు. నా చెవుల్లో ఉన్నది ఒకే ఒక గుమ్మనే మోత, నీళ్లలో మునిగినప్పుడు వినపడేలాంటిది. రెండోది వదిలాను. అదే మోత. మూడోది. అదే. అరచెయ్యి ఇంజిన్ మీద పెట్టి అదురులో తేడా పట్టుకుందామని చూశాను. చెయ్యి కాలింది తప్ప తేడా దొరకలేదు. ఆరూ అయ్యాయి. మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ చేశాను. చేతులు, చొక్కా, సీటు అన్నీ డీజిల్‌తో తడిసిపోయాయి. మూడోసారి, మూడో నట్టు దగ్గర ఏమీ మారనట్టు అనిపించింది. అనిపించిందో, అనిపించాలని నేను కోరుకున్నానో.

బుధవారం పొద్దున మూడో నాజిల్ విప్పి గుడ్డలో చుట్టుకుని, నాజిళ్లు పరీక్షించే భాయ్ దగ్గరికి పోయాను. షెడ్డులో చేస్తున్న రోజుల నుంచీ తెలిసిన మనిషి. ఆయన దాన్ని తన మిషన్‌కు బిగించి పిడి కొట్టాడు. డీజిల్ సన్నటి మంచులా చిమ్మింది. ఆయన తల అడ్డంగా ఊపి, దీనికేం రోగం లేదన్నాడు.

"యా సిలిండరో నట్టు వదిల్చి చూసినావా అన్నా?"

"చూసినా భాయ్. మూడోదే."

"మూడోది కాదు. మల్లా ఒకసారి సరిగ్గా ఇను."

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం దుకాణంలో అందరి ముందూ చెంపదెబ్బ తిన్నట్టయింది. ఇంటికి పోయి మిగతా ఐదు నాజిళ్లూ విప్పి బకెట్లో వేసుకుని మళ్లీ తెచ్చాను. భాయ్ ఒక్కొక్కటీ బిగించి చూశాడు. ఆరూ బాగున్నాయి. ఆయన ఆఖరిది బకెట్లో వేసి, షెడ్డులో పెట్టరాదా అన్నాడు. పెడతాలే అని వచ్చేశాను.

నాజిళ్లన్నీ తిరిగి బిగించేసరికి మధ్యాహ్నం రెండయింది. ఇక మిగిలింది పంపు, లేకపోతే ఇంజిన్ పైభాగం మొత్తం విప్పడం. అది విప్పితే వారం పది రోజుల మాట. ఎల్లుండి ప్రతిష్ఠ. బండి వెనకవైపు గడ్డిలో, గోనెసంచుల మధ్య స్వామి పడుకుని ఉన్నాడు. వీధిలో పోయేవాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టుకుని, అటు నుంచి నన్ను చూస్తూ పోతున్నారు. ఒక ముసలామె అరటిపండ్లు కూడా తెచ్చి పెట్టింది. నేను లారీ కింద, ముందు చక్రానికి ఆనుకుని కూర్చున్నాను. బండిని ఇక్కడే వదిలి, ఫోన్ ఆపేసి, ఏ బస్సు వస్తే ఆ బస్సెక్కి ఎటైనా వెళ్లిపోతే ఎలా ఉంటుందని ఆలోచించాను. ఊరికే కాదు, నిజంగానే ఆలోచించాను. చెప్పులు ఎక్కడున్నాయో కూడా చూసుకున్నాను.

తర్వాత లేచి బండి స్టార్ట్ చేశాను. మెకానిక్‌లు ఇంజిన్ లోపలి చప్పుడు వినడానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు పెట్టుకుంటారు. పెట్టుకున్నాను. ఏమీ లేదు. రెండో చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. చివరికి ఆ పిడిని పళ్ల మధ్య కరుచుకుని, ఎముకల్లోంచైనా ఏదైనా తెలుస్తుందేమోనని ఇంజిన్ మీదికి వంగాను. పళ్లు గడగడా కొట్టుకున్నాయి. నోట్లో డీజిల్, చెమట. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. అవి పొగకు వచ్చినవి కావు.

భుజం మీద చెయ్యి పడింది. ఉలిక్కిపడి తిరిగాను. నా భార్య అవతలి తలుపు తీసి క్యాబిన్‌లోకి ఎక్కి వచ్చి ఉంది. ఎంతసేపయిందో తెలియదు. నేను ఇంజిన్ ఆపాను.

"ఎంతసేపని పిలవాల. నీకు చెవులు ఇనపడక రెండేండ్లయింది. నాకు తెలవదనుకుంటివా?"

నీకేం తెలుసని కసిరాను. పో, ఇంట్లోకి పో అన్నాను. ఆమె పోలేదు. సీటు మీది డీజిల్‌ను పట్టించుకోకుండా కూర్చుంది. రెండేళ్లుగా ఆమె చేస్తున్నవన్నీ అప్పుడు ఒక్కొక్కటే నాకు అర్థమవుతూ వచ్చాయి. అన్నానికి పిలిచేటప్పుడు నా ఎదురుగా వచ్చి నిలబడటం. బంధువులు వస్తే వాళ్లు అన్నమాటను మళ్లీ తానే నా వైపు తిరిగి చెప్పడం. ఫోన్లన్నీ తన మీద వేసుకోవడం. నేను దాస్తున్నాననుకున్న దాన్ని ఆమె నాతోపాటు దాస్తూ వచ్చింది. నేను చెబుతానని చూసిందట. చెప్పకపోతే తానెట్లా అడిగేదని అన్నది.

నేను ఏడ్చాను. యాభై నాలుగేళ్లవాణ్ణి, వీధి పక్కన నిలబెట్టిన లారీలో, పెళ్లాం ముందు గట్టిగానే ఏడ్చి ఉంటాను. ఎంత గట్టిగానో నాకు తెలియదు. ఆమె కిటికీ అద్దం పైకెత్తింది.

తర్వాత అన్నది, "నా చెవులు బాగనే ఉండాయి గదా. ఏం ఇనాల్నో చెప్పు."

ఆడదానికి ఇంజిన్ సంగతి ఏం తెలుస్తుందని అనబోయాను. అంతలోనే ఆమె చెప్పింది, సోమవారం నేను సందు మలుపు తిరుగుతున్నప్పుడే ఇంట్లో కూర్చున్న తనకు వినపడిందని. మిషన్ కుట్టు తప్పినప్పుడు ఎట్లా వినపడుతుందో అట్లా ఉందట. ఆరు కుట్లలో ఒక కుట్టు పడటం లేదనిపించిందట. రెండు రోజులుగా నేను ఒక్కొక్కటీ విప్పుతుంటే, ముందుగదిలో జాకెట్లు కుడుతూ ఆమె ఆ తప్పిన కుట్టును వింటూనే ఉంది.

ఆమెను కళ్లు మూసుకుని కూర్చోమన్నాను. చప్పుడు మారితే చెయ్యి ఎత్తాలి, మారకపోతే దించే ఉంచాలి. బండి స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చాను. మొదటి నట్టు వదిలాను. చెయ్యి లేచింది. బిగించి రెండోది వదిలాను. లేచింది. నేను పట్టుబట్టిన మూడోదానికి కూడా లేచింది. నాలుగోది, లేచింది. ఐదోది వదిలాను. ఆమె ఒళ్లో చెయ్యి అలాగే ఉంది. బిగించి మళ్లీ వదిలాను. కదల్లేదు. ఆరోది వదలగానే లేచింది. వరస మార్చి, ఆమెకు చెప్పకుండా ఎక్కడంటే అక్కడ వదిలి చూశాను. ఐదోదాని దగ్గర ఒక్కసారి కూడా ఆ చెయ్యి లేవలేదు.

నాజిల్ మంచిదే. డీజిల్ చిమ్ముతూనే ఉంది. అంటే తప్పు వాల్వుల్లో ఉండాలి. స్క్రూడ్రైవర్ ఆమెకిచ్చి, పిడిని చెవి వెనక ఎముకకు ఎట్లా ఆనించుకోవాలో చూపించాను. నాలుగోదాని మీద పెట్టించాను, తర్వాత ఐదోదాని మీద. ఆమె చాలాసేపు విన్నది. నాలుగోది గట్టిగా, తెగేసినట్టు కొడుతోందట. ఐదోదానిలో ఆ దెబ్బ పడ్డాక ఇంకొక చిన్న చప్పుడు, ఇనుము మీద ఇనుము జారినట్టు వస్తోందట. ఆమె ఆ చప్పుడు నోటితో చేసి చూపించింది. అది నాకు వినపడలేదు, కానీ ఆమె నోరు చూసి తెలిసింది. వాల్వును మూసే స్ప్రింగు విరిగింది.

మర్నాడు అంటే గురువారం. తెల్లవారగానే ఐదో టాపెట్ కవర్ విప్పాను. పైనుంచి చూస్తే రెండు స్ప్రింగులూ నిండుగా, బాగానే ఉన్నాయి. మంగళవారం కూడా నేను ఇట్లాగే చూసి మోసపోయాను. నా భార్య బొట్టు పెట్టుకునే చిన్న అద్దం తెచ్చింది. దాన్ని వెనకవైపుకు దూర్చి టార్చి వేసి చూశాం. ఒక స్ప్రింగు కింది చుట్టు దగ్గర వెంట్రుకంత గీత ఉంది. విరిగిన రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. ఇంజిన్ వేడెక్కితే జారి, వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు.

స్ప్రింగు కోసం ఇద్దరం బైకు మీద విడిభాగాల దుకాణానికి పోయాం. దుకాణదారు అడిగిన వాటికి ఆమె నా వైపు తిరిగి ఒకసారి మళ్లీ చెప్పేది, నేను జవాబిచ్చేవాణ్ణి. దాచకుండా అలా చెయ్యడం అదే మొదటిసారి.  స్ప్రింగు కాగితంలో చుట్టి ఇచ్చాడు, అంతే.

ఇంజిన్ పైభాగం విప్పకుండా స్ప్రింగు మార్చాలంటే, ఆ సిలిండర్‌లో పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి ఆపాలి. లేకపోతే స్ప్రింగు తీయగానే వాల్వు లోపలికి జారిపోతుంది. అది జారితే ఇంజిన్ విప్పక తప్పదు. నాజిల్ రంధ్రంలోంచి సన్నటి తీగ దించి, దాన్ని పట్టుకోమని ఆమెకు చెప్పాను. నేను ముందువైపు పెద్ద పానాతో ఇంజిన్‌ను మెల్లగా తిప్పాను. తీగ పైకి లేవడం ఆగగానే ఆమె చెయ్యి ఊపింది. ఆపాను. తర్వాత నేను ఇనుప కమ్మీతో స్ప్రింగును కిందికి నొక్కి పట్టుకుంటే, వాల్వు మెడలో స్ప్రింగును పట్టి ఉంచే రెండు చిన్న లాకులను ఆమె బయటికి తీయాలి. నా వేళ్లు అక్కడ దూరవు. ఆమెవి సూదిలో దారం ఎక్కించే వేళ్లు. ఒకటి తీసింది. రెండోది తీస్తుండగా నా చేతిలోని కమ్మీ జారింది. స్ప్రింగు ఎగిరింది. లాకు కనపడలేదు.

అది చింతగింజంత కూడా ఉండదు. ఇంజిన్ లోపలికి పడి ఉంటే, నడిపిన క్షణంలో మొత్తం నాశనమవుతుంది. టార్చి వేసి ప్రతి సందూ వెతికాం. అయస్కాంతం దించి చూశాం. సీటు కింద, బ్రేకు, క్లచ్ పెడళ్ల కింద వెతికాం. అరగంట దాటింది. పెద్దాయన ఫోన్ మోగుతూనే ఉందని ఆమె చెప్పింది. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. నాకు ఇంక శక్తి లేదు. ఇంత దూరం తెచ్చి ఇట్లా చేస్తావా అని వెనక గడ్డిలో ఉన్న ఆ స్వామినే తిట్టుకున్నాను.

ఆమె కిందికి దిగి, నిలబడి, చీర కుచ్చిళ్లు ఒక్కొక్కటీ విప్పుతూ దులిపింది. మట్టిలో టప్పున పడింది. ఆమె దాన్ని ఏరుకుని, పైటచెంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టింది. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

కొత్త స్ప్రింగు బిగించి, ఒంటిగంట దాటాక బండి స్టార్ట్ చేశాం. వేడెక్కేదాకా ఆగాం. పొగ రాలేదు. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు విని, కుట్టు సరిగ్గా పడతాందని చెప్పింది. నేను ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను.

ఆమె నన్ను ఒక్కణ్ణే పోనివ్వలేదు. పక్క సీట్లో కూర్చుంది. దారి పొడుగునా వెనక హారన్ కొడితే నా మోకాలు తట్టేది. ఒకటి కొడితే చిన్న బండి, రెండు కొడితే బస్సో లారీనో. అలా ఎన్నిసార్లు తట్టిందో లెక్కలేదు. ఇన్నాళ్లూ ఒంటరిగా నడిపినప్పుడు ఇన్ని హారన్లు నా వెనక మోగుతూ ఉండేవా అనుకున్నాను. ఎత్తుల మీద బండి హాయిగా లాగింది. నాకు సంతోషంగా ఉండాల్సింది. లేదు.

సాయంత్రం నాలుగు గంటలకు ఆ ఊరు చేరాం. డప్పులతో ఎదురొచ్చారు. ఇంతకాలం ఫోన్లో మోగిన ఆ పెద్దాయన తెల్లపంచె, తలపాగాతో ముందు నడిచాడు. గుడి ముందు రాతి అరుగు ఉంది. బండిని వెనక్కి నడిపి, దాని అంచుకు ఆనించాలి. అక్కడి నుంచి దుంగల మీద విగ్రహాన్ని దొర్లిస్తారు. వెనక ఒకతను చేతులు ఊపుతూ దారి చూపుతున్నాడు. నేను అతన్నే అద్దంలో చూస్తూ మెల్లగా వెనక్కి పోనిచ్చాను.

పెద్దాయన చక్రానికి అడ్డం పెట్టాల్సిన రాయి సర్దడానికి రెండో వైపు నుంచి బండికీ అరుగుకీ మధ్యలో దూరాడు. దారి చూపుతున్నవాడు అది చూడలేదు. చూసినవాళ్లు అరిచారు. ఊరంతా అరిచిందట. నేను పోనిస్తూనే ఉన్నాను. నా భార్య నా చెయ్యి మీద గోళ్లు దిగేలా పట్టుకుంది. ఆమె నోరు చూశాను. బ్రేకు తొక్కాను.

దిగి వెనక్కి పరుగెత్తాను. ఆయన వీపు అరుగుకు ఆనుకుని ఉంది. ఛాతీకీ బండి వెనక చెక్కకూ మధ్య జానెడు ఎడం. తలపాగా కింద పడి ఉంది.  డప్పులు ఆగిపోయినట్టున్నాయి, వాళ్ల చేతులు కదలడం లేదు.

"నాకు చెవులు ఇనపడవు" అన్నాను. అడగకముందే అన్నాను. అంతమంది ముందు ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో తెలియదు.

ఆయన వంగి తలపాగా తీసుకున్నాడు. "ఇనపడనోనివి బండెట్ల నడుపుతాండావప్పా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నిజంగా అడిగాడు.

 తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆ ఊరి ట్రాక్టరు డ్రైవరు ఒకతను ఎక్కి, ఆ మిగిలిన మూరెడు దూరం వెనక్కి నడిపి అరుగుకు ఆనించాడు. విగ్రహం దిగింది. పెద్దాయన మళ్లీ మాతో మాట్లాడలేదు. ఎవరో ఆడమనిషి నా భార్యకు మజ్జిగ ఇచ్చింది. మమ్మల్ని ఉండమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. బండిని అక్కడే వదిలి బస్సులో ఇంటికి వచ్చాం. వారం తర్వాత ఒక డ్రైవరును పెట్టుకుని బండి తెప్పించుకున్నాను. ఇప్పటికీ అతనే నడుపుతున్నాడు.

నంద్యాలలో చెవుల డాక్టరు దగ్గరికి నా భార్యే తీసుకుపోయింది. అద్దం తలుపున్న చిన్న గదిలో నన్ను కూర్చోబెట్టి, చెవులకు మూతల్లాంటివి తగిలించి, చేతికి ఒక బొత్తాం ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. వినపడిన నాలుగు సార్లూ నొక్కాను. తర్వాత చాలాసేపు బొటనవేలు బొత్తాం మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అద్దం అవతల ఒక నర్సమ్మ తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. రెండో చెవికి మొదలుపెట్టడానికి ఆలస్యం చేస్తున్నారేమో అనుకున్నాను. కొంతసేపటికి ఆమె తలుపు తీసి, లేవమని చేత్తో సైగ చేసింది. రెండు చెవులకూ అయిపోయిందట.